అత్తమ్మ తొక్కుజాడీ పగిలిన రోజు

మొన్న పక్కింటావిడ అభిమానంగా తెచ్చిచ్చిన మామిడికాయ తొక్కు సీసా నా చేతిలోంచి జారి వంటింటి గచ్చు మీద భళ్లున పగిలింది. ఆ చప్పుడుకూ, గుప్పుమన్న ఎల్లిపాయ కారం వాసనకూ గోడ పట్టుకుని నిలబడిపోయాను. తొక్కు పోయిందని బాధపడుతున్నాననుకుని ఆమె మళ్లీ తెస్తాలెమ్మని ఓదార్చింది. ఆ క్షణాన నేను నల్లగొండ అపార్టుమెంటులో లేనని, తిరుమలగిరి దగ్గర మా అత్తగారి ఊళ్లో, చీకటి అర్రలో, గంపలో చెయ్యి పెట్టి ఉన్నానని ఆమెకేం తెలుసు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు సంగతి. హైదరాబాదులో మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడితే, సామాను సర్దుకుని ఆయన సొంతూరు చేరుకున్నాం. నలభై దాటిన వయసులో కొత్తగా కాపురానికి వెళ్లినట్టయింది నాకు. నేను పుట్టి పెరిగింది ఆలేరులో, రైలు పట్టాల పక్కన. గుడ్లంటే దుకాణంలో అట్టల్లో పేర్చి ఉండేవని తప్ప, అప్పుడే పెట్టిన గుడ్డు చేతికి అంత వెచ్చగా తగులుతుందని ఎరగను. మా అత్తమ్మకు ఇల్లంటే ఆ సామాన్ల అర్రే. మిద్దె మీద ఎండబెట్టిన టమాటా, కాకరకాయ ఒరుగులు, ఎర్రమట్టి పట్టించిన కందులు, ఉప్పేసి కుండకెత్తిన చింతపండు, గుడ్డతో మూతి బిగించి కట్టిన తొక్కుజాడీ, మూలన కోళ్లు గుడ్లు పెట్టే గంప, అన్నీ అందులోనే. అలాంటి అర్రల వాసన మన ఈడు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గుడ్లు తెచ్చే పని నాకు అప్పగించింది గానీ, జాడీ దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు, తడి చేతులతో ముట్టి బూజు పట్టిస్తానని. నాకంటే ఆ జాడీయే ఆమెకు ఎక్కువని లోలోపల నొచ్చుకునేదాన్ని.

తొక్కు పెట్టిన మూడోనాడు మధ్యాహ్నం, ఆమె అర్ర గడప దగ్గర వెలుగులో కూర్చుని, జాడీలో పల్లినూనె పోసి కలుపుతోంది. నేను ఆమెను దాటుకుని లోపలికి వెళ్లి, రోజూలాగే చూడకుండానే గంపలో చెయ్యి పెట్టాను. వెచ్చగా తగలాల్సిన చోట చల్లగా, మెత్తగా ఏదో తగిలింది, తగిలి కదిలింది. నా మణికట్టుకు బెత్తెడు దూరంలో పడగ లేచింది. అరుద్దామంటే గొంతు లేదు. చెయ్యి తీద్దామంటే అది నా చెయ్యిలాగే లేదు.

“కదలకు బిడ్డా. జర ఊపిరి బిగవట్టు.”

పసిపిల్లను నిద్రపుచ్చే గొంతులా ఉంది. మరుక్షణం, నిండు జాడీ నా పక్కనుంచి ఎగిరి గంప అవతలి అంచు మీద పడి బద్దలైంది. పాము అటు తిరిగింది. నా జుట్టూ జాకెట్టూ ఏది దొరికితే అది పట్టి ఆమె నన్ను వెనక్కి గుంజిన గుంజుకు ఇద్దరం వాకిట్లో పడ్డాం. కాసేపటికి మా మరిది కర్ర తీసుకుని వచ్చేసరికి లోపల ఏమీ లేదు. గోడ కింది తూములోంచి పెరటి దుమ్ములోకి, పెరటి నుంచి చేనులోకి, ఎర్రటి నూనె చార వంకర్లు తిరుగుతూ పోయింది. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

అప్పుడు పట్టుకుంది అత్తమ్మకు వణుకు. చిన్నతనంలో ఆమె కళ్లముందే ఆమె చెల్లెలు పాముకాటుకు పోయిందట. అప్పటినుంచి ఆ పేరు కూడా పలకదట, పురుగు అంటుందట. మరిది చెబుతుంటే విని, ఆమె ముఖం చూడలేక, ఏడాది తొక్కు నా వల్ల మట్టిపాలైందని ఏడ్చాను.

“తొక్కుదేముందే పిచ్చిదానా, మల్లేడు కాయ కాయదా? గీ చెయ్యి పోతే మల్ల మొలుస్తదా?” అంది, నా చెయ్యి ఇంకా వదలకుండా.

సాయంత్రానికి వాడ వాడంతా తెలిసింది. ఇంటికో గిన్నె చొప్పున తొక్కు వచ్చింది మాకు. ఆమె ఒక్కొక్కటీ నాలుకకు రాసుకుని, ఒకదాంట్లో ఉప్పు ఎక్కువని, ఇంకోదాంట్లో మెంతులు మాడాయని వంకలు పెడుతుంటే, ఆ భయంలోనూ నాకు నవ్వొచ్చింది. మరుసటి ఎండాకాలం తొక్కు నాచేతే పెట్టించింది.

ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ తర్వాత మేం నల్లగొండకు మారాం; మరిదివాళ్లు పాత ఇల్లు తీసి స్లాబు వేశారు. అర్ర ఉన్న జాగాలో ఇప్పుడు బండి పెడుతున్నారు. రెట్టలు వేస్తాయని కోళ్లను ఎవరూ సాకడం లేదు.

నేను అరవనే లేదు కదా, ఎలా తెలిసిందని ఒకసారి అడిగాను ఆమెను. “నీ గాజుల సప్పుడు ఆగింది గద,” అంది, అదో వింతా అన్నట్టు. ఇక్కడ మా ఇంట్లో ఉన్నది నేను, ఆయన, మా అబ్బాయి, ముగ్గురం. ఎవరి గది వాళ్లది, తలుపులు వేసే ఉంటాయి. ఎవరి చప్పుడు ఎప్పుడు ఆగిందో, ఎవరికీ తెలిసే వీలు లేదు.