ప్లాస్టిక్ తొట్టిలో బతుకమ్మ

నలభై ఏళ్ళకు పైగా రోజూ డైరీ రాస్తున్నాను. ముందు వాతావరణం, తర్వాత నీళ్ళు, చివర మనుషులు. తాగునీటి చెరువుల దగ్గర నీటి పరీక్షలు చేసే ఉద్యోగంలో పడిన అలవాటు అది. రిటైరయ్యాక నేనూ నా భార్యా ఐర్లండ్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాం. అమ్మాయి ములింగార్‌లో నర్సు. కరోనా వచ్చి, ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటొద్దని ప్రభుత్వం చెప్పినప్పుడు, ఆ ఐదు కిలోమీటర్ల లోపల నాకొక చిన్న రిజర్వాయర్ దొరికింది.

రోజూ ఉదయం అక్కడికి నడిచేవాణ్ణి. తెల్ల పింగాణీ ప్లేటును ఉట్టిలా తాడుకు కట్టుకున్నాను. తాడుకు అడుగుకొక ముడి. చెక్క వంతెన చివర నిలబడి ప్లేటును నీళ్ళలోకి దించితే, అది కనబడకుండా పోయేలోపు ఎన్ని ముడులు మునిగాయో, నీళ్ళు అంత తేటగా ఉన్నట్టు. వసంతంలో తొమ్మిది ముడుల దాకా కనబడిన ప్లేటు ఆగస్టుకల్లా నాలుగు ముడులకే మాయమైంది. చుట్టూ పచ్చిక పొలాలు. వాటిలో చల్లిన పేడనీళ్ళు వాన పడగానే కాలువ గుండా రిజర్వాయర్‌లోకి దిగుతాయి. వాటిలోని భాస్వరం, నత్రజని తిని పాచి పెరుగుతుంది.

నా భార్య కూడా వచ్చేది. చెవులకు మఫ్లర్ చుట్టుకుని ఒడ్డున బెంచీ మీద కూర్చునేది. నేను ప్లేటు పైకి తీయగానే రోజూ ఒకటే ప్రశ్న.

"ఏమాయె? జరం తగ్గిందా మీ నీళ్ళకు?"

అక్టోబరులో బతుకమ్మ పండుగ వచ్చింది. ఆమె పుట్టి పెరిగింది వరంగల్ వైపు. పండుగ చివరి రోజైన సద్దుల నాడు బతుకమ్మను నీళ్ళలో వదలకపోతే ఆమెకు పండుగ ముగిసినట్టు కాదు. ముందురోజు బెంచీ మీద కూర్చునే అడిగింది.

"రేపు ఈడనే వదుల్త. ఎవ్వలుండరు పొద్దుగాల."

"వద్దు," అన్నాను. "ఊరు తాగే నీళ్ళు. పూలు కుళ్ళితే అందులో ఉన్నదంతా నీళ్ళల్ల కలుస్తది. పాచికి అదే బువ్వ."

"మరి ఆ జమ్ము? అది కుళ్ళదా?" కాలువ కలిసేచోట గుబురుగా పెరిగిన జమ్ముగడ్డిని చూపించింది.

జమ్ము ఎండాకాలమంతా పొలాల నుంచి వచ్చేదాన్ని తనే తాగి నీళ్ళను కాపాడుతుందని వివరించాను.

"చలికాలం?"

"ఎండిపోతది. కోసి ఒడ్డుకు వెయ్యకపోతే కుళ్ళి, తాగిందంతా నీళ్ళకే ఇస్తది."

"అగో! దానికి చెప్పకపోయిన్రా మరి? నాకు చెప్పవట్టిరి," అంటూ నవ్వింది.

నేను నవ్వలేదు. మళ్ళీ వద్దన్నాను. ఆమె ఇక అడగలేదు.

మర్నాడు గుమ్మడాకులకు బదులు క్యాబేజీ ఆకులు పరిచి, మా కంచె పూలు, పక్కింటావిడ గోడ మీద పెట్టి వెళ్ళిన డాలియాలు పేర్చింది. పెరట్లో తల్లీకూతుళ్ళిద్దరే చప్పట్లు కొడుతూ దాని చుట్టూ తిరిగారు. తర్వాత గిన్నెలు కడిగే నీలం తొట్టిలో నీళ్ళు పోసి వదిలారు. తొట్టి ఇరుకు. బతుకమ్మ నాలుగు వైపులా అంచులకు తగులుకుని ఆగిపోయింది. ఆమె వేలితో కాస్త నెట్టింది.

"కదుల్తలేదు," అంది. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జనవరిలో మా ముగ్గురికీ కరోనా వచ్చింది. ఇద్దరం కోలుకున్నాం. ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. నన్ను లోపలికి రానివ్వలేదు. ఒకరోజు నర్సు ఎవరో ఫోన్ పట్టుకుంటే తెర మీద కనబడింది. ముక్కుకు గొట్టం. మాట మాటకూ ఆగుతోంది.

"నాకేమన్నయితే నన్ను ఆ నీళ్ళల్ల కలపకుర్రి," అంది. "మీ బాపు లెక్కలు తీస్తడు."

ఇటు నా పక్కనున్న మా అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. "ప్లేటు ఏడు ముడులు పోతున్నది," అన్నాను. "మంచిగైతున్నయి నీళ్ళు," అంది. అవే ఆమె నాతో అన్న చివరి మాటలు.

ఊరికి విమానాలు సరిగా లేవు. ఆంక్షలు సడలాక పడమటి తీరానికి వెళ్ళి అస్థికలు సముద్రంలో కలిపాం.

తిరిగొచ్చిన వారం పాత డైరీలు తీశాను. ఆమె నన్ను అడిగిన రోజు పేజీ కోసమే తీశాను. అందులో ఇలా ఉంది: "ఇక్కడ బతుకమ్మ వదులుతానంది. లెక్క వేశాను. ఒక్క వానకు కాలువ తెచ్చేదానిలో వెయ్యో వంతు కూడా కాదు. వద్దన్నాను."

అంటే నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఒకరికి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాలని ఉద్యోగంలో నేర్చుకున్నాను. వందల బతుకమ్మలు వచ్చే చెరువుగట్టు మీద నిలబడి చెప్పాల్సిన మాట అది. ఇక్కడ అడిగింది ఆమె ఒక్కతే.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. నేను పెరట్లో పూలు కోస్తుంటే అమ్మాయి వచ్చి నిలబడింది.

"ఏం చేస్తున్నవ్ బాపూ? అమ్మ పోయి ఏడాది కాలే. మనకు ఈ ఏడు పండుగ లేదు."

"పండుగ కాదు బిడ్డా. మీ అమ్మ అడిగింది. నేను వద్దన్న."

అమ్మాయి లోపలికి వెళ్ళింది. ఫ్రిజ్ లోంచి క్యాబేజీ తెచ్చి ఆకులు విడదీసి ఇచ్చింది.

నాకు పేర్చడం రాదు. జానెడు ఎత్తుకే ఒక పక్కకు ఒరిగింది. పొద్దున్నే తీసుకెళ్ళి వంతెన మెట్ల దగ్గర వదిలాను. అది తిరుగుతూ కొంతదూరం పోయింది. అంత నీళ్ళ మీద మరీ చిన్నగా కనబడింది. తర్వాత గాలి మళ్ళి, ఎండిపోతున్న జమ్ములోకి నెట్టింది. అక్కడే చిక్కుకుంది.

రోజూ వెళ్ళి చూశాను. పూలు నల్లబడ్డాయి. ఆరో రోజుకు ఆకులు కూడా లేవు. ప్లేటు దించి, పైకి తీసి, బెంచీ వైపు చూశాను. వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి దాని మీద.

ఆ సాయంత్రం డైరీలో వరుస ప్రకారమే రాశాను. చినుకులు. ఆరు ముడులు, నిన్నటిలాగే. నీళ్ళలో ఏ మార్పూ లేదు. ఇక మనుషుల దగ్గరికి వచ్చాను. అక్కడ చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను.