చేతులు వదిలి చూసే మనిషి

యాకుత్‌పురా స్టేషన్ గోడకు ఎదురుగా ఉన్న షఫీఉద్దీన్ షెడ్డులో బండి బాగైందో లేదో తేల్చేది పానా కాదు, అంజన్న నడుము. కింద పడి ఫోర్కు వంగినవి, నాలుగు చేతులు మారి వచ్చినవి, ఎక్కువగా స్పోర్ట్స్ బండ్లు, ఆ షెడ్డుకు వస్తాయి. షఫీఉద్దీన్ విప్పి, సరిచేసి, బిగించి పక్కకు జరుగుతాడు. అప్పుడు అంజన్న ఎక్కుతాడు. తోపుడుబండ్లు ఇంకా రోడ్డెక్కని వేళ, నలభై వేగానికి పోయి హ్యాండిల్ మీంచి రెండు చేతులూ తీసేస్తాడు. గోడ చివరిదాకా పోయి తిరిగొచ్చి ఒక మాట చెబుతాడు. ఎడమకు గుంజుతుందనో, కుడికి గుంజుతుందనో, సీదా ఉందనో. సీదా అన్నాక ఆ బండిని ఇక ఎవరూ ముట్టుకోరు. ఇరవై రెండేళ్లుగా అతనికి జీతం ఆ ఒక్క మాటకే. పానా పట్టడం అతను నేర్చుకోలేదు, నేర్చుకోవలసిన అవసరమూ రాలేదు.

నోరు మాత్రం బాగా నేర్చుకున్నాడు. తాను సీదా అన్న బండిని ఎవరైనా తిరిగి తెస్తే షెడ్డంతా వినేట్టు జవాబిచ్చేవాడు. ఈ ఎండాకాలం నందు అనే ఎలక్ట్రీషియన్ తన బండి పక్కకు పోతోందని మూడోసారి వచ్చాడు. "బండికేం రోగం లేదు. నీకు చిన్నప్పటి మూడు చక్రాల సైకిలు అలవాటు పోనట్టుంది. అదే కొనుక్కో" అన్నాడు అంజన్న. అందరూ నవ్వారు. నందు మళ్లీ రాలేదు.

అంతకు ముందు, పోయిన దసరాకు, అంజన్న జహనుమాలోని తన ఇంటి మెట్ల మీద నీళ్ల డబ్బాతో జారిపడ్డాడు. మూడు రోజులు లేవలేదు. ఎముకలు కట్టే పహిల్వాన్ పట్టీ వేశాడు. భార్య కృష్ణమ్మ నూనె రుద్దుతూ వీపు చూసింది.

"కుడి పక్క ఉబ్బినట్టున్నది. షఫీ భాయ్‌కి చెప్పరాదు, జర కొన్ని దినాలు బండ్లెక్కనని."

"నడుము పోయిందంటే బండి నా చేతికెవడిస్తడే? నువ్విస్తవా?"

కృష్ణమ్మ నూనె గిన్నె తీసుకొని బయటికి పోయింది. నాలుగో రోజు అంజన్న జ్వరమొచ్చి తగ్గిందని చెప్పి పనికి పోయాడు.

సాగర్ కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలతలు చూసే ఉద్యోగి. శ్రావణంలో సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బండి కొన్నాడు. ఎనభై దాటితే దాని హ్యాండిల్ వణికేది. మలుపు వస్తే వంగనని మొరాయించేది. షఫీఉద్దీన్ దాని మీద వారం రోజులు పెట్టాడు. హ్యాండిల్ మెడలో అరిగిన బేరింగులు మార్చాడు. ఫోర్కుల్లో నల్లబడిన నూనె తీసి కొత్తది పోశాడు. పాత యజమాని భారీ మనిషి కాబోలు, వెనుక స్ప్రింగు గట్టిగా బిగించి ఉంది. సాగర్ బక్క ఒంటికి తగ్గట్టు రెండు మెట్లు వదులు చేశాడు. వణుకు పోయింది, మలుపులో బండి చెప్పినట్టు వింది. చివరగా అంజన్న ఎక్కి వచ్చి ఎడమకు గుంజుతుందన్నాడు. వెనుక చక్రాన్ని ఇరుసు పక్కనున్న కొలత గీతల మీద ఒక గీత జరిపారు. మళ్లీ ఎక్కాడు. ఇంకో గీత జరిపారు.

"ఇప్పుడు సీదా."

బండి తీసుకుపోయిన నాలుగో రోజు పొద్దున్నే సాగర్ తిరిగొచ్చాడు.

"భాయ్, అంతా మస్తుంది గని, చేతులు జర వదులు చేస్తే కుడికి పోతుంది."

"కుడికా?" అంజన్న నవ్వాడు. "ఏది కుడో ఏది ఎడమో తెల్వకుంట ఫ్యాక్టరీల ఏం కొలుస్తవ్ తమ్మీ?"

సాగర్ నవ్వలేదు. సంచిలోంచి దారం ఉండ, ఉక్కు స్కేలు తీశాడు. వెనుక చక్రం రెండు పక్కల నుంచి ముందు చక్రం దాకా దారం లాగి కట్టి, నాలుగు చోట్ల కొలిచాడు. షెడ్డులో పని ఆగింది.

"వెనుక చక్రం రెండు గీతలు తప్పుంది భాయ్."

ఆ రెండు గీతలూ షఫీఉద్దీన్ తన చేత్తో జరిపినవే. దారం ప్రకారం చక్రాన్ని వెనక్కి తెచ్చి బిగించాడు. సాగర్ పోయి చేతులు వదిలి చూసి వచ్చాడు. సీదా అన్నాడు. షఫీఉద్దీన్ మేనల్లుడు, ముప్పై ఏళ్ల మెకానిక్ దానిష్ పోయి వచ్చాడు. అతనూ సీదా అన్నాడు. అంజన్న పోయి వచ్చాడు.

"ఎడమకు."

దానిష్ అతని చుట్టూ మెల్లగా తిరిగాడు, కింద పడి వచ్చిన బండి చుట్టూ తిరిగినట్టు.

"మామూ, బెండ్ బండికి లేదు. అన్నకుంది."

బండిని స్టాండెక్కించి అంజన్నను సీటు మీద కూర్చోబెట్టారు. దానిష్ ఒక నట్టుకు దారం కట్టి, పైకప్పు కడ్డీ నుంచి అతని వీపు వెనుక వేలాడదీశాడు.

"అంగీ తియ్ అన్నా."

అంజన్న షఫీఉద్దీన్ వైపు చూశాడు. ఆయన గుడ్డతో వేళ్లు తుడుచుకుంటున్నాడు. అంజన్న అంగీ తీశాడు. సీటు మధ్యకు దిగిన దారం నుంచి అతని మెడ ఎడమకు తప్పుకొని ఉంది.

"రెండు వేళ్లు" అన్నాడు దానిష్.

సాగర్ స్కేలు పెట్టి చూశాడు. "ఇరవై ఏడు మిల్లీమీటర్లు" అన్నాడు. సరిగ్గా చెప్పడం అతనికి అలవాటు.

"ఎప్పట్నుంచి?" షఫీఉద్దీన్ అడిగాడు.

"పోయినేడు దసరాకు పడ్డ. పట్టీ కట్టిచ్చిన. తగ్గింది భాయ్."

"నాకు జ్వరమని చెప్పినవ్."

"అంటే ఏడాది సంది వచ్చిన బండ్లన్నీ నీ నడుముకు కుట్టిన షేర్వానీలేనా అన్నా?" అన్నాడు దానిష్. "మరి మూడు చక్రాల సైకిలు ఇప్పుడెవరికి కొనియ్యాలె?"

షెడ్డంతా నవ్వింది. షఫీఉద్దీన్ నవ్వలేదు.

"ఇంకొక్కసారి పోయిరా అంజన్నా. నడుము సంగతి తెల్సింది గద. గంత లెక్క తీసేసి చెప్పు. చెప్తే ఫికర్ లేదు, నీ పని నీదే. లేకుంటే బండి నీకియ్య."

అంజన్న అంగీ వేసుకొని లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చాడు. బండి గుమ్మం ముందు సిద్ధంగా ఉంది.

నలభైకి వచ్చాక చేతులు తీశాడు. బండి ఎడమకు పోయింది. ఇందాకటిలా కాదు, నేరుగా గోడ మీదికే పోయింది. పట్టి తిప్పుకొని మళ్లీ వదిలాడు. మళ్లీ గోడ మీదికే. ఇన్నేళ్లలో అతని ఒళ్లు ఇంత గట్టిగా ఎన్నడూ చెప్పలేదు. కాని వీపు మీద ఆ దారం ఇంకా తగులుతున్నట్టే ఉంది. ఇది బండి కాదు, నేనే అనుకున్నాడు. దారం తప్పు చెప్పదు. సాగర్ సీదా అన్నాడు, దానిష్ సీదా అన్నాడు. గోడ చివర మలుపు తిరిగేలోపే మాట సిద్ధం చేసుకున్నాడు.

"సీదా ఉంది."

"పక్కానా?" అన్నాడు షఫీఉద్దీన్.

"నా నడుము లెక్క తీసేసినంక, గీత గీసినట్టు పోతుంది భాయ్."

సాగర్ నేల చూపులు చూశాడు. దానిష్ వెనుక చక్రం దగ్గర కూర్చొని ఇరుసు పక్కనున్న గీతల మీద వేలు పెట్టాడు.

"నువ్వు నీళ్లు తాగొచ్చేలోపల నాలుగు గీతలు జరిపిన అన్నా. కండ్లు లేనోడు గూడ కనిపెడ్తుండె."

అంజన్న బండి దిగలేదు. "నాకు తెల్సింది భాయ్" అన్నాడు షఫీఉద్దీన్‌తో. "ఎడమకు మస్తు గుంజింది. గోడకు కొట్టుకునేటోన్ని."

"మరి చెప్పలేదేంది?"

"మీరంతా సీదా అంటిరి."

"దానిష్‌ను ఏమనకు. జరపమన్నది నేనే" అన్నాడు షఫీఉద్దీన్. "నడుము వంకరుంటే లెక్క తీసెయ్యొచ్చు. నోటికి లెక్కెట్ల తియ్యాలె?"

దానిష్ చక్రం సరిచేసి ఇచ్చాడు. సాగర్ దారం ఉండ చుట్టుకొని, అందరికీ చెప్పి, అంజన్నకు చెప్పకుండా పోయాడు.

తొమ్మిదింటికి ఇంకో బండి వచ్చింది. దాని యజమాని అలవాటు కొద్దీ తాళంచెవి అంజన్నకు ఇవ్వబోయాడు.

"ఆయనకియ్యకు, నక్కో" అన్నాడు షఫీఉద్దీన్. "దానిష్‌కియ్యి. ఆయన ఇవాళ్టి సంది బండ్లు కడుగుతడు."

దానిష్ తాళం అందుకున్నాడు. అంజన్న షెడ్డులో బకెట్ ఎక్కడ పెడతారని అతన్నే అడిగాడు.