హై టీలో అడగకూడని నీళ్ళు

నా చిన్నప్పుడు నేను మొట్టమొదట హై టీకి పోయింది ఇనుపరాయి తోలే లారీలో. కన్నడ సీమ అంచున ఎమ్మిగనూరులో మాకు చెరుకుతోట, సండూరు గనుల దగ్గర మా నాయనకు ఒక లారీ ఉండేవి. గని మేనేజరు భార్య అక్కడి ఆడవాళ్ళ క్లబ్బులో, బడికి గది కట్టించాలని హై టీ పెట్టింది. టికెట్టు తలకు ఐదు రూపాయలు. లారీలవాళ్ళు కొనక తప్పదు కాబట్టి మా నాయన రెండు కొన్నాడు. "టీనీళ్ళకు ఐదు రూపాయలా! దుడ్డు చెట్లకు కాస్తాండాదా?" అని గొణిగిన మా అవ్వే, కొన్నది ఎందుకు పోగొట్టుకోవాలని పట్టుచీర కట్టి నన్ను వెంటబెట్టుకుంది.

దారి పొడుగునా ఎర్రదుమ్ము. క్లబ్బు చేరేసరికి నా నాలుక అంగిలికి అంటుకుపోయింది. అక్కడ తెల్లగుడ్డ పరిచిన బల్లలు, ఒకదానిమీద ఒకటిగా మూడంతస్తుల పళ్ళాలు, వాటిలో వేలెడేసి రొట్టెముక్కలు. ఏ పళ్ళెం ముందు ముట్టాలో, చెంచా ఎటు పెట్టాలో, అన్నిటికీ పద్ధతులే. నాకవేవీ పట్టలేదు. నేరుగా మేనేజరమ్మ దగ్గరికి పోయి నీళ్ళు అడిగాను. ఆమె అందరికీ వినబడేలా కన్నడంలో, "హై టీలో నీరు కేళబారదు, మగూ" అంది. అడగకూడదట! చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. మా అవ్వ తన టీని సాసర్లో పోసి, ఊది, నాకు తాగించింది. దానికి ఇంకా నవ్వారు.

నాకు దుఃఖం తన్నుకొచ్చింది. అంతకంటే మంట పుట్టించింది మా అవ్వ. బయలుదేరేటప్పుడు ఆ మేనేజరమ్మకే చేతులు జోడించి, బెల్లం వండే రోజుల్లో మా ఊరికి రమ్మని పిలిచింది. దారంతా నేను అవ్వకు వీపు తిప్పి కూర్చున్నాను.

ఆమె నిజంగానే వచ్చింది. మా వైపు గడప తొక్కినవాళ్ళకు, పగవాడైనా సరే, పలకరింపు కంటే ముందు బెల్లంముక్కా చెంబెడు నీళ్ళూ ఇస్తాం. ఆ రోజు మా అవ్వ ఆ చెంబును నా చేతికిచ్చి తలుపు వెనక నిలబెట్టింది. "నేను చెప్పేదాంకా ఈడ్నించి కదలొద్దు" అంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ పిలుపు ఎందుకో.

అప్పటికే గానుగ దగ్గర మేనేజరమ్మకు వేడి బెల్లం ఆకు నిండా పెట్టి తినిపించింది. ఇంట్లో కూర్చోబెట్టి బొరుగుల ఉగ్గాని, గింజలు తీయకుండా వేసిన మిరపకాయ బజ్జీలు వడ్డించింది. "ఇది మా హై టీ అమ్మా, వద్దనగూడదు" అంటూ కొసరి కొసరి వేసింది. మూడో బజ్జీకి ఆమె ముక్కు ఎర్రబడింది, కళ్ళు ధారలు కట్టాయి. నీళ్ళు అడిగింది. మా అవ్వ పొగలు కక్కే టీ గ్లాసు ముందుకు జరిపి, "హై టీలో నీరు కేళబారదమ్మా" అంది.

తలుపు సందులోంచి చూస్తున్న నాకు అంతకు మించిన పండగ లేదు. మేనేజరమ్మ తల వంచుకుంది. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. మా అవ్వ నా వైపు తిరిగి, "నీళ్ళు తేవే" అంది. నేను కదల్లేదు. చెంబును వీపు వెనక దాచుకున్నాను. ఇంకా ఏడవనీ అనుకున్నాను.

మా అవ్వ విసురుగా లేచొచ్చి, నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, చెంబు లాక్కుని, రెండు చేతులా ఆమెకు అందించింది. ఆమె గటగటా తాగింది. తప్పయిందని మాత్రం అనలేదు.

ఆమె కారెక్కాక మా అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. "ఆ యమ్మకు దప్పికంటే ఏందో తెలియాలనుకుంటి. తెలిసె. ఆ పైన ఒక్క గుక్క ఆపినా తప్పు మనదే" అంది. అవ్వ పగ ఆ పూటతో తీరింది. నాది తీరలేదు.

ఇప్పుడు మనవరాలు బెంగళూరులో పెద్ద హోటలుకు హై టీకి తీసుకుపోతుంది. అవే మూడంతస్తుల పళ్ళాలు. బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. కూర్చోగానే నేను గొంతెత్తి నీళ్ళు అడుగుతాను, టీని సాసర్లోనే పోసుకుంటాను. మనవరాలు అటూ ఇటూ చూస్తుంది. చూడనీ.

ఆ మేనేజరమ్మ ఉందో పోయిందో తెలియదు. ఆమెను నేను నేటికీ క్షమించలేదు. అయినా ఈ పూట ఆమె నా గడప తొక్కితే, ముందు బెల్లమూ నీళ్ళూ ఇస్తాను. ఆమె తాగి చెంబు కింద పెట్టాకే తగవు మొదలుపెడతాను.