మామిడి రసంలో కరిగిన మా ఐసు

మా వీధిలో ఒక కుర్ర జంట ఉంది. ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. ఈ ఎండాకాలం ఇల్లులాంటి బండి ఒకటి అద్దెకు తీసుకుని, అందులోనే పని చేసుకుంటూ, అందులోనే పడుకుంటూ నిజామాబాద్ నుంచి నాందేడ్ వైపు తిరిగొద్దామని వాళ్ల ఆలోచన. మీరు ఆ రోజుల్లోనే అలా బతికారట కదా, ఏమైనా చెప్పండి అంటూ వచ్చి కూర్చున్నారు. ఫోన్‌లో బొమ్మలు చూపించారు. తెల్లటి పరుపు, కిటికీలో పూలకుండీ, పరుపు మీద కాళ్లు చాపుకుని కాఫీ తాగుతున్న అమ్మాయి. కింద ఎవరో మహానుభావుడు "ఆకాశమే కప్పు, రోడ్డే వాకిలి" అని రాశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లల మీద కాదు, ఆ వాక్యం రాసినవాడి మీద. వాణ్ణి ఒక్క మే నెల నాయ్‌గావ్ రోడ్డు మీద రేకు డబ్బాలో పడుకోబెట్టాలి. నేను చెప్పడం మొదలుపెట్టాక ఆ పిల్లల టీ చల్లారిపోయింది, వాళ్లు మర్యాదగా లేచి వెళ్లిపోయారు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

ఎనభైల మొదట్లో నేను నిజామాబాద్‌లో నర్సు చదువు ముగించి, నాందేడ్‌లో ఒక ధర్మసంస్థలో చేరాను. పల్లెల్లో పసిపిల్లలకు పోలియో చుక్కలు వేయడం పని. సరిహద్దు ఊళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి తెలుగు వచ్చిన నర్సు కావాలన్నారు. చేరిన రోజునే మా పెద్దసారు నన్ను ఆవరణలోకి తీసుకెళ్లి ఒక బండిని చూపించాడు. పాత లారీ మీద రేకుతో కట్టిన గది అది. అందులో ఒక చెక్క బల్ల, కిరోసిన్ స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, మందుల బీరువా ఉన్నాయి. "నీకు ఇంటి అద్దె మిగులు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన మాత్రం ఊళ్లు తనిఖీ చేయడానికి వస్తే ప్రభుత్వ బంగళాలోనే దిగేవాడు. నాతో పాటు వేసిన ఆయా వారం తిరక్కుండానే ఈ పొయ్యిలో నేనుండనని బస్సెక్కి వెళ్లిపోయింది. నేనూ, డ్రైవర్ ఖాదర్ భాయ్ మిగిలాం. ఆయన మా నాన్న కంటే పెద్దవాడు, బండి కింద మడత మంచం వేసుకుని పడుకునేవాడు. అయినా ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు అతను నీకేమవుతాడని అడిగేవాళ్లు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తర్వాత తర్వాత, నీ మొగుడు నీకేమవుతాడో ముందు నువ్వు చెప్పమనేదాన్ని.

బండిలో బతుకు అంటే ఏమిటో నిజం చెప్తాను. మధ్యాహ్నం రేకు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. బండిలో స్నానం లేదు, పాయిఖానా లేదు. ఊరు లేవకముందే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, మధ్యలో పన్నెండు గంటలు బిగబట్టుకుని కూర్చోవాలి. అందుకని నీళ్లు తాగడమే తగ్గించేసేదాన్ని. నలభై మూడు డిగ్రీల ఎండలో నీళ్లు తాగకుండా ఉద్యోగం చేయడం ఏ ధర్మసంస్థ లెక్కలోకీ రాదు. అన్నిటికంటే చిత్రం ఏమిటంటే బండిలో ఐసు ఉండేది. నాందేడ్‌లో ఐసు ఫ్యాక్టరీ నుంచి పెద్ద దిమ్మ కొని, రంపపు పొట్టులో గోనెపట్టాల మధ్య పెట్టి, అందులోంచి ముక్కలు కొట్టి చుక్కల మందు సీసాల చుట్టూ పేర్చేవాళ్లం. వేడి తగిలితే ఆ మందు చచ్చిపోతుంది. చూస్తే మాత్రం తెలియదు, అదే రంగు, అదే వాసన. అందుకని మేం దాహంతో చస్తున్నా ఆ ఐసులో ఒక్క ముక్క నోట్లో వేసుకునేవాళ్లం కాదు.

ఆ రోజు సంగతికి వస్తాను. నాందేడ్‌లో పొద్దున్నే ఐసు ఎక్కించుకుని బయల్దేరి, నాయ్‌గావ్ దాటి, సరిహద్దు వైపు మట్టి రోడ్డు పట్టుకుని మధ్యాహ్నానికి ఒక ఊరు చేరాం. ఊరి పేరు చెప్పను, ఇప్పటికీ అక్కడ మంచివాళ్లు ఉంటారు. చుక్కలు వేసేది మర్నాడు. కూలీల వాడలో తల్లులకు ముందే కబురు వెళ్లింది, మర్నాడు పనికి పోకుండా పిల్లల్ని తీసుకురమ్మని. ఊళ్లో బండికి నీడ దొరికేది ఒక్కచోటే, ఊరిపెద్ద పటేల్ గారి ఆవరణలో వేపచెట్టు కింద. బావి కూడా అక్కడే. ఎప్పుడు వచ్చినా అక్కడే దిగేవాళ్లం. ఈసారి ఆవరణలో పందిరి వేసి ఉంది. మర్నాడే పటేల్ తమ్ముడి కూతురి లగ్గం.

సాయంత్రం పటేల్ తల్లి పళ్లెంలో పసుపు కుంకుమ పట్టుకుని, పెళ్లికి పిలవడానికి ఇల్లిల్లూ తిరుగుతూ మా బండి దగ్గరికీ వచ్చింది. నాకు బొట్టు పెట్టింది. తర్వాత బండి తలుపుకి రెండు వైపులా పసుపు రాసి, కుంకుమ దిద్ది, "గిది గుడ ఇల్లే గద బిడ్డా, రేపు లగ్గానికి రావాలె" అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడాదిగా ఆ డబ్బాని లారీ అన్నారు, మోటరన్నారు, ఖాదర్ భాయ్ అయితే తండూర్ అనేవాడు. ఇల్లు అన్నది ఆమె ఒక్కతే. ఇంటికి బొట్టు పెట్టాక ఆ ఇంటివాళ్లు పెళ్లికి ఆహేర్ ఇచ్చుకోవాలనీ, అంటే కట్నం చదివించాలనీ నాకూ తెలుసు. ఒక జాకెట్టు గుడ్డ పెడదామనుకుని పెట్టెలోంచి తీసి పైన పెట్టుకున్నాను కూడా. నా ఇంట్లోంచి ఏం కావాలో వాళ్లే ఎంచుకుంటారని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

తెల్లవారకముందే లేచి వాళ్ల పశువుల కొట్టం వెనక స్నానం చేసి వచ్చేసరికి లోపల ఆడవాళ్లు నన్ను పట్టుకున్నారు. పెళ్లికూతురి తల్లికి కళ్లు తిరుగుతున్నాయి, చూడమన్నారు. చూశాను. తర్వాత మేనత్తకు మోకాళ్లు, ఇంకొకామె చంటిబిడ్డకు విరేచనాలు. ఆవరణలో దిగి, నీళ్లు తోడుకుని, చూడను పొమ్మంటే ఎలా? అటు ఖాదర్ భాయ్‌ని పటేల్ పిలిపించాడు. వాళ్ల ట్రాక్టర్ నడిపేవాడు తాగి పడిపోయాడట, బస్సు దిగే చోటు నుంచి మగపెళ్లివారిని తీసుకురమ్మన్నాడు. మాకొచ్చే జీతం ఒక పనికి, ఊరూరా చేసే చాకిరీ పది పనులకి. ఇంట్లో ఉండేవాళ్లు తలుపు వేసుకుని రాము పొమ్మనవచ్చు. ఎవరి చెట్టు కిందో ఉండేవాళ్లకు ఆ వీలు లేదు.

తొమ్మిది దాటాక బండి దగ్గరికి వస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. రంపపు పొట్టు నేలంతా చిందరవందర. దిమ్మ లేదు. మందు పెట్టె మూత తీసి, అందులోని ముక్కలు కూడా ఏరుకుపోయారు. సీసాలు అడుగున మిగిలిన నీళ్లలో తేలుతున్నాయి. చెయ్యి పెడితే చల్లదనం పోయి గోరువెచ్చగా తగిలాయి. అప్పటికే వేపచెట్టు నీడ పక్కకు తొలిగి రేకు మీద ఎండ పడుతోంది. పందిరి కింద పెద్ద పెద్ద గంగాళాల్లో మామిడి రసం, అందులో తేలుతూ మా ఐసు. అప్పుడే వచ్చిన ఖాదర్ భాయ్ ట్రాక్టర్ మీంచి దిగుతూనే అది చూసి, బండి చక్రం పక్కన చతికిలబడ్డాడు.

నేను సరాసరి పటేల్ దగ్గరికి వెళ్లాను. ఆయనకు నా కోపం నిజంగానే అర్థం కాలేదు. ఆ వైపు నర్సుని బాయీ అని పిలుస్తారు. కొత్త తలపాగా చుట్టుకుని తీరిగ్గా చెప్పాడు. "బొట్టు వెట్టించుకున్న ఇల్లు ఆహేర్ ఇయ్యదా బాయీ? నువ్వు బంగారం వెడ్తవా ఏంది? బరఫ్ ఉండె, బరఫ్ తీస్కున్నం. పెండ్లోళ్లు మస్తు ఖుష్ అయిండ్రు." అది మందు కోసం తెచ్చిన ఐసని, మందు పాడైపోయిందని చెప్పాను. ఆయన ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "సీసలు మేం ముట్టలే. గట్లనే ఉన్నయి గద, ఏసెయ్. ఎవలకు ఎర్కైతది?"

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. నిజమే, ఎవరికీ తెలియదు. నేను ఆ సీసాలు పట్టుకెళ్లి పిల్లల నోట్లో రెండేసి చుక్కలు వేసి, మధ్యాహ్నం పెళ్లి భోజనం చేసి వెళ్లిపోవచ్చు. ఆ పిల్లల్లో ఎవరికైనా కాలు పడిపోతే దేవుడి మీదికి నెట్టేస్తారు. ఐసు దొంగతనం కంటే ఆ ధీమాకే నాకు ఎక్కువ భయం వేసింది.

వాకిలి బయట తల్లులు పిల్లల్ని చంకనేసుకుని నిలబడి ఉన్నారు. ఆవరణలోకి వాళ్లు రాకూడదు, గిన్నెలు తోమడానికైనా పెరటి దారినే రావాలి. అదొకటి. చుక్కలు ఎవరికోసమో వాళ్లు ఎండలో, నేను నీడలో. అందరికంటే ముందు లచ్చవ్వ ఉంది. చంకలో ఆరు నెలల కొడుకు, పక్కన కట్టె ఊతంగా నాలుగేళ్ల కూతురు. ఆ పిల్ల కుడికాలు చేతి కర్రంత సన్నగా ఉంది. పెళ్లిలో గిన్నెలు తోమే పని లచ్చవ్వదే, ఎవరూ చూడకుండా గడియసేపు తప్పించుకుని వచ్చింది. మందు పాడైందనీ, నాందేడ్ పోయి కొత్తది తెస్తాననీ, పొద్దుగూకేలోపు వస్తాననీ చెప్పాను. మిగతావాళ్లు గొణుక్కుంటూ పక్కకు జరిగారు. లచ్చవ్వ కదల్లేదు.

"పిల్లకు గిట్లనే రేపు మాపు అనుకుంట ఉంటే కాలు వడిపాయె బాయీ. మోటర్లు అస్తయి, పోతయి. మల్ల అస్తమన్నోళ్లు అచ్చిందే లేదు."

వస్తానని మళ్లీ అన్నాను. ఆమె నమ్మలేదు, నమ్మినట్టు తల మాత్రం ఊపింది.

ఆ బండిలో నాందేడ్‌కి మూడు గంటలు పట్టేది. దారి పొడవునా ఖాదర్ భాయ్ గేర్లతోనే తన కోపం తీర్చుకున్నాడు. పెద్దసారు ఫ్యాను కింద కూర్చుని విన్నాడు. పటేల్‌తో గొడవ పెట్టుకోవద్దన్నాడు, డీజిలు ఎవరిస్తారన్నాడు, ఆ ఊరు వచ్చే నెల చూద్దాం, రేపు ముఖేడ్ వైపు వెళ్లిపొమ్మన్నాడు. సరే సార్ అని బయటకొచ్చి, రేపటి ముఖేడ్ సీసాలు తీసుకుని, ఐసు ఎక్కించుకుని, నాయ్‌గావ్ రోడ్డే పట్టాం. నా జీవితంలో నేను పెద్దవాళ్లకు చెప్పిన అబద్ధాల్లో ఈ "సరే సార్" అంటే నాకు ఎంతో ఇష్టం.

పొద్దు వాలుతుండగా ఊరు చేరాం. పటేల్ ఆవరణ వైపు తిరగబోతున్న ఖాదర్ భాయ్‌ని ఆపి, బండిని కూలీల వాడలోకి పోనివ్వమన్నాను. అక్కడ చెట్టు లేదు, బావి లేదు. పిల్లలు బండి వెనక పరిగెత్తారు, తల్లులు గుడిసెల్లోంచి వచ్చారు. నీళ్లు అడక్కుండానే ఎవరో కుండ తెచ్చి పెట్టారు. చీకటి పడేలోగా అందరికీ చుక్కలు వేశాను. లచ్చవ్వ మాత్రం రాలేదు. పెళ్లిలో ఉందన్నారు.

చిన్న డబ్బాలో ఐసు ముక్కల మధ్య ఒక సీసా పెట్టుకుని పటేల్ ఇంటి పెరటి వైపు నడిచి వెళ్లాను. గిన్నెల గుట్ట పక్కన బూడిద చేతులతో ఆమె కూర్చుని ఉంది. కొడుకు గుడ్డ మీద పడుకున్నాడు, కూతురు వాడికి ఈగలు తోలుతోంది. లచ్చవ్వ నన్ను చూసి, చేతులు కొంగుకు తుడుచుకుని కొడుకుని ఎత్తి పట్టుకుంది. వాడి బుగ్గలు నొక్కి రెండు చుక్కలు వేశాను. పక్కనే కూతురు కూడా నోరు తెరిచింది. ఆ కాలికి ఇప్పుడు ఇది పనిచెయ్యదని మెల్లగా చెప్పబోయాను.

"ఎర్కే బాయీ" అంది లచ్చవ్వ. "అయినా ఎయ్యి. దానికి అప్పుడు ఎవలు ఎయ్యలే."

వేశాను. వచ్చేస్తుంటే ఆగమని, తన వంతుకు వచ్చిన మామిడి రసం చెంబులోంచి గ్లాసులో పోసి ఇచ్చింది. నీ బరఫ్ వేసిన రసమేనట అంది. నోట్లో పెట్టుకుంటే వెచ్చగా, పులిసి ఉంది. అది ఆమెదాకా వచ్చేసరికి ఐసూ లేదు, చల్లదనమూ లేదు. అక్కడే నిలబడి గ్లాసు ఖాళీ చేశాను.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజు గుర్తొస్తే నా కోపం చల్లారదు. పటేల్ చెడ్డవాడని కాదు. మాకు నీళ్లిచ్చాడు, నీడనిచ్చాడు, పెళ్లికి పిలిచాడు. తన ఆవరణలోకి వచ్చిందంతా తన ఇంటివాళ్ల కోసమే వచ్చిందని అనుకున్నాడు, అంతే. మా పెద్దసారుకు డీజిలు కనిపించింది, పటేల్‌కు ఐసు కనిపించింది, ఆ వాకిలి బయట నిలబడ్డవాళ్లు ఎవరికీ కనిపించలేదు. రేకు డబ్బాలో ఉడికిపోతే నాకేం బాధ లేదు, ఆ ఉడుకు ఫలం చేరవలసినవాళ్లకు చేరితే చాలు. ఈ మాట చెప్తే మా వీధి జంటకు అర్థం కాలేదు, కాకపోవడమే మంచిది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఇప్పుడు నిజామాబాద్ నుంచి బోధన్, బిలోలి, నాయ్‌గావ్ మీదుగా నాందేడ్‌కి మూడు గంటల్లోపే చేరవచ్చు, రోడ్డు బాగుంది. మే నెలలో మాత్రం వెళ్లకండి. వెళ్లి, ఆ ఊళ్లలో ఎవరికోసమైనా పనిచేయవలసి వస్తే, బండిని మంచి నీడ చూసి పెట్టకండి. మీరు ఎవరికోసం వచ్చారో వాళ్ల వాకిట్లోనే పెట్టండి.