మూడోసారి గ్యాస్ వేయనన్నాను

2021 వేసవి. ఫిలింనగర్ గుట్ట మీద ఒక పాత ఇంటి పై అంతస్తులో తండ్రీ కూతుళ్లు ఉండేవారు. తండ్రి ప్రభుదాసు గారిది తెనాలి వైపు. సినిమాల్లో సౌండ్ రికార్డిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. కూతురు సుహాసిని డబ్బింగ్ ఆర్టిస్టు. పదేళ్లు గుంపు సీన్లలో గొంతు ఇచ్చాక, ఆ ఏడాది ఒక వెబ్ సిరీస్‌లో మొదటిసారి కథానాయికకు చెప్పే అవకాశం వచ్చింది. కరోనా వల్ల స్టూడియోలకు తిరిగే రోజులు కావవి. అందుకని ప్రభుదాసు గారు ఇంట్లోనే ఒక గదిని రికార్డింగ్ గదిగా మార్చారు. గోడలకు బూడిద రంగు గుడ్డ చుట్టిన మెత్తటి పలకలు కొట్టించి, గుమ్మం మీద ఎర్ర బల్బు పెట్టారు. అది వెలుగుతుంటే ఎవరూ తలుపు తీయకూడదు.

నాది రహమత్ నగర్‌లో ఏసీ సర్వీసు దుకాణం. అప్పటికే ఆ పనిలో ఇరవై ఆరేళ్లు నలిగినవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. అబద్ధం కాదు.

ఆ గదికున్నది డక్టబుల్ ఏసీ. అంటే యంత్రం గదిలో కనబడదు, పక్కనున్న బాత్‌రూమ్ అటక మీద ఉంటుంది. చల్లగాలి గొట్టాల గుండా గది సీలింగ్‌లోకి వస్తుంది. గదిలోని వేడిగాలి గోడకున్న ఒక జాలీ గుండా మళ్లీ యంత్రానికి చేరుతుంది. ఆ జాలీని మేం రిటర్న్ ఎయిర్ గ్రిల్ అంటాం. ఎంత గాలి బయటకు వదిలితే అంత గాలి లోపలికి తీసుకోవాలి, ఈ యంత్రం బతుకంతా అంతే.

మార్చిలో చల్లదనం తగ్గిందని పిలిచారు. వెళ్తే ఎర్ర బల్బు వెలుగుతోంది. అటక ఎక్కి చూశాను. ఫిల్టర్ కడిగినంత శుభ్రంగా ఉంది. గేజ్ పెడితే సక్షన్ ప్రెషర్, అంటే కంప్రెసర్‌కు తిరిగొచ్చే గ్యాస్ ఒత్తిడి, తక్కువగా ఉంది. గ్యాస్ తగ్గిందనుకుని వేసి వచ్చేశాను. ఏప్రిల్‌లో మళ్లీ అదే ఫిర్యాదు, మళ్లీ అదే బల్బు, మళ్లీ గ్యాస్.

మే నెలలో ఒక బుధవారం పొద్దున్నే సుహాసిని ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"అన్నా, సీలింగ్‌లోంచి మైకు స్టాండు మీద నీళ్లు పడుతున్నాయి. ఏసీ వేస్తే కారుతుంది, ఆపితే గది కొలిమిలా ఉంది. శుక్రవారం సాయంత్రానికి చివరి రెండు ఎపిసోడ్లు ఇవ్వకపోతే పాత్ర మొత్తం వేరే ఆవిడతో మొదటి నుంచీ చెప్పించుకుంటామన్నారు."

పరుగున వెళ్లాను. అటక మీద ఎవాపరేటర్ కాయిల్, అంటే గాలిని చల్లబరిచే రాగి గొట్టాల చట్రం, మంచు గడ్డకట్టి తెల్లగా ఉంది. ఆ మంచు కరగడం వల్లే గదిలో నీళ్లు కారుతున్నాయి. కింద నుంచి ప్రభుదాసు గారు కేకేశారు.

"కాస్త గ్యాస్ కొట్టి వెళ్లవయ్యా యాదగిరీ, అమ్మాయి పని ఆగిపోతోంది."

"ఈసారి గ్యాస్ ఎయ్య సార్. రెండుసార్లు ఏసిన, తప్పు చేసిన."

అలా ఎందుకన్నానంటే, అప్పుడే ఫిల్టర్ బయటికి లాగాను. ఫిలింనగర్‌లో ఎటు చూసినా కొత్త ఇళ్ల కోసం బండలు కొడుతుంటారు. నెల తిరక్కముందే ఫిల్టర్లకు దుమ్ము దుప్పటిలా పడుతుంది. ఇది మాత్రం మూడు నెలలుగా తెల్లగానే ఉంది. మొదటిసారి చూసి మెచ్చుకున్న శుభ్రమే అది. గాలి దానిలోంచి పోతేనే కదా దుమ్ము పట్టేది! గాలి తగ్గినా సక్షన్ ప్రెషర్ పడిపోతుంది, గ్యాస్ తగ్గినా పడిపోతుంది. ఈ పాఠం కొత్తగా పనిలో చేరినవాళ్లకు నేనే చెబుతుంటాను. నాకు నామీద ఎంత మండిపోయిందో చెప్పలేను.

అటక దిగి, "జర ఆ ఎర్ర లైట్ బంద్ చేయండ్రి సార్, నేను గదిలకు పోవాలె" అన్నాను.

"గదిలో నీకేం పని? అది సౌండ్ గది."

"గాలి గా గదిలకెల్లే రావాలె సార్."

లోపలికి వెళ్లి చుట్టూ చూశాను. నాలుగు గోడలూ బూడిద రంగు పలకలే.

"రిటర్న్ జాలీ ఏడుంది?"

సుహాసిని ఒక పలక వైపు చూపించింది. "ఆ పలక వెనకాల ఉండేది కదా నాన్నా."

పలక ఊడదీస్తే జాలీ బయటపడింది. ఇన్నాళ్లూ పాపం ఆ యంత్రం సీలింగ్ సందుల్లోంచి వచ్చే కాస్త గాలితో నెట్టుకొచ్చింది. మంచు అంతా కరిగేదాకా ఫ్యాన్ మాత్రమే తిప్పి, నేను ఎక్కువగా వేసిన గ్యాస్ తీసేసి ఏసీ వేశాను. పావుగంటలో గది చల్లబడింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ప్రభుదాసు గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ఆన్ చేశారు. మొహం మాడిపోయింది. లేచి వెళ్లి పలకను మళ్లీ జాలీ మీద పెట్టేశారు.

"జాలీలోంచి హమ్ వస్తోంది, ఏసీ రొద. ఫిబ్రవరిలో ఈ హమ్ ఉందనే ట్రాక్ తిప్పి పంపారు. ఇంకోసారి తిప్పి పంపితే అమ్మాయి అవకాశం పోతుంది. నీ చల్లదనం నాకొద్దయ్యా."

నాకు ఒళ్లు మండింది. సంచీ సర్దుకుని మెట్లు దిగాను, బండి కూడా తీశాను. కానీ గేటు దగ్గరే ఆగిపోయాను. ఆయన చెవి అబద్ధం చెప్పదు. నా లెక్కా తప్పు కాదు. ఆ జాలీ తెరిచే ఉండాలి, దాని చప్పుడు మాత్రం మైకు దాకా రాకూడదు. ఈ రెండూ కుదిర్చే దాకా ఆ ఇల్లు వదలకూడదని నిశ్చయించుకుని మళ్లీ పైకెక్కాను.

కాగితం మీద బొమ్మ గీశాను. జాలీకి ముందు బీరువాలాంటి చెక్కపెట్టె. గాలి కింద నుంచి లోపలికి దూరి, రెండు మలుపులు తిరిగి జాలీకి చేరుతుంది. పెట్టె లోపలంతా మెత్తటి పొర. మలుపుల్లో చప్పుడును ఆ పొర తాగేస్తుంది, గాలికి దారి మాత్రం ఉంటుంది. ప్రభుదాసు గారు బొమ్మను చాలాసేపు చూశారు.

"దారి వెడల్పు ఎంత?"

"ఎనిమిది అంగుళాలు ఉండాలె సార్."

"నాలుగు చాలదూ? పొర మందంగా వేయొచ్చు."

"నాలుగైతే గాలి ఉరుకుతది. ఉరికితే ఈల ఏస్తది."

ఆ మాట ఆయనకు నాకన్నా బాగా తెలుసు. "ఎనిమిదే పెట్టు" అన్నారు.

కృష్ణానగర్‌లో సినిమా సెట్లకు పనిచేసే వడ్రంగి బాలస్వామిని పిలిపించాను. పొద్దున చెబితే సాయంత్రానికి కోటగుమ్మం నిలబెట్టే రకం. గురువారం చీకటి పడేలోపు పెట్టె తయారైంది. లోపలి పొరను ఎవరినీ ముట్టనివ్వకుండా ప్రభుదాసు గారే కత్తిరించి, అంటించారు. డెబ్భై దాటిన మనిషి నేల మీద బోర్లా పడుకుని మూలల్లోకి చేతులు పెట్టి ఒత్తుతుంటే నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

శుక్రవారం ఉదయం ఏసీ వేసి, పెట్టె కింది నోటి దగ్గర పల్చటి టిష్యూ కాగితం పట్టుకున్నాను. ఠక్కున అతుక్కుంది. ప్రభుదాసు గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. సుహాసిని నా వైపు చూడలేదు, తండ్రి మొహమే చూస్తోంది. ఒక నిమిషం గడిచిందేమో, నాకైతే పూట గడిచినట్టుంది. ఆయన కళ్లు తెరిచి, "మొదలుపెట్టమ్మా" అన్నారు.

మేమిద్దరం బయటికొచ్చాం. ఎర్ర బల్బు వెలిగింది. మధ్యాహ్నం భోజనానికి తప్ప ఆరలేదు. సాయంత్రం ఐదింటికి ఆ అమ్మాయి బయటికొచ్చి, "పంపేశాను నాన్నా" అంది. రాత్రి కాకముందే అటు నుంచి ఓకే అని మెసేజ్ వచ్చింది. పాత్ర ఆమెకే ఉండిపోయింది.

ఆ తర్వాత కొత్త ఇంటికి ఎప్పుడు వెళ్లినా గేజ్ తీసేముందు ప్రతి గదిలోకీ వెళ్తున్నాను. ఎక్కడేం మూశారో, ఎందుకు మూశారో అడుగుతున్నాను. ఆ ఎందుకుకి జవాబు దొరక్కుండా మూత తీసేస్తే, మనం మెట్లు దిగేలోపే మళ్లీ పెట్టేస్తారు. కానీ అసలు పాఠం ఇది కాదు. ఆ సాయంత్రం టీ తాగుతూ ప్రభుదాసు గారిని అడిగాను.

"మార్చిలనే జాలీ మూసిన్నని చెప్తే అయిపోతుండె కద సార్?"

ఆయన నెమ్మదిగా అన్నారు. "చెప్పేవాణ్ణే యాదగిరీ. అది చల్లదనానికి సంబంధించిన సంగతని నాకేం తెలుసు? నువ్వు రెండుసార్లు వచ్చావు. ఒక్కసారీ అడగలేదు."

నిజమే. అడగలేదు.