డిక్కీ మీది పేరు

కరీంనగర్ బైపాస్ రోడ్డు మీది ఒక కార్ల షోరూంలో జ్యోతిరాణి సేల్స్ పని చేస్తుంది. అక్కడ "తక్కువ మోడల్" అనే మాట నోట వస్తే మేనేజర్ ప్రేమ్‌సాగర్ ఊరుకోడు. చవకదాన్ని 'ఆరంభ్' అనాలి, మధ్యదాన్ని 'ఆనంద్' అనాలి, పైదాన్ని 'మహారాజ్' అనాలి. మూడింటికీ ఇంజన్ ఒకటే, బ్రేకులూ ఒకటే. పైదానికి అద్దం పైకప్పు, రంగు లైట్లు, డిక్కీ మీద మెరిసే అక్షరాలు అదనం. ఈ పేర్లు ఏ ఏసీ గదిలో కూర్చుని పెట్టారో గానీ, మనిషి ఎక్కడ చిన్నబోతాడో చూసి మరీ పెట్టారు. తలచుకుంటేనే రోత.

జ్యోతిరాణిది మందమర్రి, బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. ఆ బొగ్గుబాయి కాలనీల్లో కంపెనీ ఇచ్చే క్వార్టర్లకు కూడా రకాలుంటాయి. ఏ రకం క్వార్టరో చెబితే చాలు, మనిషి హోదా తెలిసిపోతుంది. ప్రేమ్‌సాగర్ కూడా అక్కడివాడే. తన ఊరివాళ్ల నొప్పి తెలిసి, దాన్నే అమ్ముకుంటాడు.

మొన్న ఎండాకాలంలో మందమర్రి నుంచి మొండయ్య, అతని భార్య దుర్గవ్వ వచ్చారు. మొండయ్య బాయిపని నుంచి రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగిపోయి దుర్గవ్వ బస్సెక్కలేకపోతోంది. దవాఖానకు తిప్పడానికి చిన్న కారు కొని, మిగిలిన పైసలతో ఆమెకు ఆపరేషన్ చేయించాలని వాళ్ల ఆలోచన. జ్యోతిరాణి ఆరంభ్ చూపించింది.

"గిది చాలు బిడ్డా," అన్నాడు మొండయ్య.

ప్రేమ్‌సాగర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కాకా, ఇన్నేండ్లు ఏ క్వార్టర్ల ఉన్నరు?"

"చిన్నదే. మాకు పెద్దది ఎవడిస్తడు?"

"మరి కారు గూడ చిన్నదేనా? కాలనీల మంది వెనకకొచ్చి పేరు సదువుతరు గద."

మొండయ్య ముఖం మాడిపోయింది. జ్యోతిరాణి ఉండబట్టలేకపోయింది. "కాకా, నడుపుడుకు ఆరంభ్, మహారాజ్ రెండూ ఒక్కటే. ముందుగాల అవ్వ మోకాళ్లు సూడుండ్రి," అంది.

మొండయ్య ఆమె వైపు చూడనే లేదు. "మహారాజే రాయుండ్రి," అన్నాడు. తర్వాత భార్యతో, "ఆపరేషన్ వచ్చే యేడు చేపిస్త," అన్నాడు. దుర్గవ్వ తల ఊపింది.

కారు ఇచ్చే రోజు దాని మీద కప్పిన ఎర్రగుడ్డ తీశారు, చప్పట్లు కొట్టారు, మొండయ్య మెడలో దండ వేశారు. ఇంత తతంగం చూస్తే జ్యోతిరాణికి ఎప్పుడూ కంపరమే. ఫొటో మాత్రం ఆమే తీయాలి, అదీ పేరు కనిపించేట్టు వెనక నుంచి. నిలబడలేక దుర్గవ్వ డిక్కీ పట్టుకుంది.

"జర జరుగు. పేరు మూస్తున్నవ్," అన్నాడు మొండయ్య.

దుర్గవ్వ చెయ్యి తీసింది. ఒక్క అడుగు వేసి నేల మీద కూలబడింది. జ్యోతిరాణి ఫొటో వదిలేసి ఆమె దగ్గరికి ఉరికింది. ప్రేమ్‌సాగర్ తన ఫోను తీశాడు.

"కాకా, మీరు గట్లనే ఉండుండ్రి, కదలకుండ్రి," అన్నాడు.

మొండయ్య కదల్లేదు.