మన కంపెనీ చూడ్డానికి వెళ్లిన రోజు

భోగాపురంలో విమానాశ్రయం పనులు జోరందుకున్నప్పుడు మా విజయనగరంలో ఎవరి నోట విన్నా భూముల మాటే. భూమి కొనే స్తోమత లేక నేను షేర్లు కొన్నాను. విమాన ఇంజన్ల వేడికి తట్టుకునే కొత్త మిశ్రలోహాలు తయారుచేస్తామంటున్న ఒక చిన్న కంపెనీ అది. ఫోన్లో నాలుగు వీడియోలు చూశాను, అంతే. కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ని, నాకు తెలియనిదేముందనుకున్నాను.

ఆమదాలవలస దగ్గర వరి పండించే మా బావ, అంటే మా అక్క భర్త, నా మాట నమ్మి, పొలంలో బోరు కోసం దాచుకున్నదంతా అందులోనే పెట్టాడు. ఏడాది తిరక్కుండా షేరు ధర సగానికి పైగా పడిపోయింది. బావ నిష్ఠూరమాడకుండా ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఓపాలి మన కంపెనీ సూసొద్దాం రారా" అన్నాడు.

వద్దనలేకపోయాను. ఫోన్ చేసి వాటాదారులమని చెబితే రమ్మన్నారు. విశాఖ అవతల ఫ్యాక్టరీ. బావ పెళ్లివారింటికి వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచినిండా కొబ్బరికాయలు తెచ్చాడు. ఒక ఇంజనీరమ్మాయి కొలిమి చూపించి, చిన్న లోహపు ముక్క అతని చేతిలో పెట్టింది.

"ఇది ఇమానంలోకి ఎప్పుడెక్కుతాదమ్మా?"

"పరీక్షలకే ఇంకా చాలా ఏళ్లు పడుతుందండీ. నెగ్గుతుందో లేదో కూడా చెప్పలేం. మా వార్షిక నివేదికలో మొదట్లోనే రాశాం, చదివే ఉంటారు."

బావ నా భుజం మీద చెయ్యేశాడు. "మావోడు లెక్చరరమ్మా. అన్నీ సదివే పెట్టించినాడు."

ఆమె నావైపు చూసింది. నేను తలూపాను.

తిరుగు ప్రయాణంలో విజయనగరంలో దిగకుండా బావతోపాటు వాళ్ల ఊరి బస్సే ఎక్కాను. పూసపాటిరేగ దాటాక చెప్పేశాను.

"బావా, నేనేదీ చదవలేదు."

"తెలుసురా. షేరు పడినకాణ్నించీ నా ముకం సూడ్డం మానీసినావు కదా."

"మరి ఆ అమ్మాయితో అలా చెప్పావేంటి?"

"పరాయోల ముందు నిన్ను పల్చన సేస్తానేటి?"

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. అతను మాత్రం కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

షేరు ఇంకా లేవలేదు. పొలంలో బోరు వేయించడం ఈ ఏడు కూడా మానేశారని మొన్న అక్క ఫోన్లో మామూలుగానే చెప్పింది. నేను ఎండలు ఎలా ఉన్నాయని అడిగాను.